కొలిచి పంచుకొన్న సంపద

దొరువులోని తీపినీరు, బోరు క్రింది జలము, మహిళాసంఘపు పొదుపు, కడలిలోని చేప: సింగరాయకొండ చుట్టుపట్ల ఉమ్మడి సొత్తు నిలిచిన చోట ఎందువలన నిలిచినది, చెడిన చోట ఎందువలన చెడినది?

చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుదారిలో, కావలి దాటిన పిమ్మట ఒంగోలు చేరకమునుపే, నరసింహస్వామి వెలసిన కొండ చెంత సింగరాయకొండ స్టేషను కలదు. కందుకూరునకు రైలు లేనందున ఆ పట్టణపు రాకపోకలకు చిరకాలముగా ఇదియే వాకిలి. ఇచ్చట దిగి పడమటి దారి పట్టినవానికి పొగాకు, శనగ, మినుము పండు మెట్టపొలములును, వాని నడుమ ఎత్తుగా నిలిచిన పొగాకు బ్యారన్లును, పూడికతో సగము మేటవేసిన చెఱువులును కానవచ్చును. తూర్పుదారి పట్టినవానికి సరుగుడుతోపులును, రొయ్యల చెఱువులును, కడపట పాకల యొడ్డున ఆరవేసిన వలలును కానవచ్చును. దక్షిణముగా పోయినచో ఉలవపాడు మామిడితోటలు, సపోటాతోటలు ఎదురగును.

ఈ నేలపై బ్రదుకువారి జీవనాధారములను ఒక్కొక్కటిగా విచారించి చూచినచో, వానిలో ముఖ్యమైనది ఏదియు ఒక్కని సొత్తు కాదని తేలుచున్నది. ఇసుకక్రింది తీపినీటికి కంచె లేదు. మెట్టలో బోరు వేసిన భూమికి పట్టాదారు ఒకడేగాని, ఆ బోరు తోడు నీటికి పట్టా లేదు. చెఱువు ఊరందఱిది. రొయ్యలసాగునకు వలయు ఉప్పునీటి కాలువ ఒక్కటే. ఒకని చెఱువునుండి వెడలిన మురుగు మఱియొకని చెఱువులోనికి ఎక్కును. సముద్రము సంగతి చెప్పనక్కఱలేదు. కడకు పేదయింటి ఇల్లాలు అవసరమునకు తెచ్చుకొను అప్పు సైతము పదిమంది స్త్రీల పొదుపులోనిదే.

ఉమ్మడి యనగానే మనవారికి మొదట తోచునది నమ్మకము కాదు, అనుమానము. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినట్లు అను సామెత ఊరూర వినబడును. 1968లో అమెరికా దేశమున గారెట్ హార్డిన్ అను జీవశాస్త్రవేత్త ఉమ్మడి పచ్చికబయలును ఉదాహరణముగా గైకొని చెప్పినదియు ఇదియే: అందఱిదైన దానిని ప్రతివాడును తనకు చేతనైనంత దోచుకొనును గనుక, దానిని ప్రభుత్వమైన స్వాధీనపఱచుకొనవలెను, ప్రైవేటువారికైన పంచియిడవలెను. ఈ సిద్ధాంతము చాలకాలము పండితుల నోట వేదవాక్యముగా నిలిచినది. తరువాత ఎలినార్ ఆస్ట్రామ్ అను విదుషి, స్విట్జర్లాండు పచ్చికబయళ్లనుండి స్పెయిను కాలువల వఱకు, వందలయేండ్లుగా చెక్కుచెదరని ఉమ్మడి వ్యవస్థలను పరిశీలించి, 1990లో వెలువరించిన గ్రంథమున హార్డిన్ తీర్పును ఖండించెను. 2009లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానమును గైకొన్న ప్రథమ మహిళ ఆమెయే.

గొడ్డు పుచ్చి చచ్చుట సత్యము, చావకుండ బ్రదుకుటయు సత్యము. ఏది ఎప్పుడు జరుగును? ప్రకాశం జిల్లాయందును, దాని ఇరుగుపొరుగున ఉన్న నెల్లూరు, గుంటూరు, కర్నూలు సీమలయందును గడచిన నలువది యేండ్లలో జరిగిన ప్రయత్నములను వరుసగా చూచినవారికి ఒక సూత్రము గోచరించును: సొత్తు ఎంత యున్నది, ఎవరు ఎంత వాడుకొన్నారు అను లెక్క, వాడుకొనువారి చేతులతోనే, అందఱి యెదుట తేలిన చోట ఉమ్మడి నిలిచినది, లెక్క ఒకరిద్దఱి పెట్టెలోనికి చేరిన చోట అది కూలినది. మంచితనము, ఐకమత్యము, త్యాగబుద్ధి మొదలగు గుణములు ఈ కొలతకు తరువాత వచ్చినవేగాని ముందు వచ్చినవి కావు.

ఇసుకలోని తీపినీరు

సముద్రతీరమున ఇసుకనేలలయందు కొలది అడుగుల లోతున నీరు పడును. ఆ నీటికొఱకు త్రవ్విన వెడల్పైన గుంటను దొరువు అందురు. నెల్లూరునుండి బాపట్ల వఱకు తీరవాసులకు దొరువు తరతరాల ఆస్తి. గుంటలోనికి దిగి, కుండలు ముంచి, నారుమళ్లకును కూరపాదులకును పోయుట పూర్వపు పద్ధతి. మనిషి రెక్కలతో తోడగలిగినది స్వల్పము గనుక, ఎంత తోడినను మఱునాటి ఉదయమునకు దొరువు మరల నిండుచుండెను. కొలత అను మాట ఎవరును ఎత్తలేదు; రెక్కల శక్తియే కొలతగా నుండెను.

ఆయిల్ ఇంజను వచ్చిన పిమ్మట ఆ కొలత తప్పినది. ఇసుకలోని తీపినీరు వాననీరే. అది తన క్రిందనున్న బరువైన ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుచుండును. హాలెండు దేశీయుడు బాదొన్ గైబెన్, జర్మనీ దేశీయుడు హెర్జ్‌బర్గ్ అనువారలు నూఱేండ్లకు పూర్వమే కనుగొన్న లెక్క ప్రకారము, సముద్రమట్టమునకు పైన తీపినీరు 1 అడుగు ఎత్తు నిలిచినచో, మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల వఱకు తీపినీరే యుండును. ఈ లెక్కను తిరగవేసి చూచినచో భయము కలుగును: ఇంజను పెట్టి ఒక్కచోట పైమట్టమును 1 అడుగు దింపినవాడు, కాలక్రమమున క్రిందినుండి ఉప్పును 40 అడుగులు పైకి పిలుచుకొనుచున్నాడన్నమాట. ఉప్పెక్కిన బావి మరల తీపి యగుటకు ఎన్ని వర్షాకాలములు పట్టునో చెప్పలేము. ఆ ఉప్పు పిలిచినవాని గట్టుదగ్గఱ ఆగదు.

బాపట్లయందు లవణజల వినియోగముపై పనిచేసిన వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఉపాయమును కనిపెట్టిరి. లోతుగా బోరు వేయుటకు మాఱుగా, నేలలో కొలది అడుగుల దిగువన సన్నరంధ్రములు గల గొట్టములను అడ్డముగా నలుదిక్కులకు పఱచి, ఇసుక చొరకుండ వానికి వలగుడ్డ చుట్టి, అన్నిటిని నడుమనున్న ఒక బావికి కలిపినచో, ఒక్కచోటినుండి లాగుటకు బదులు విశాలమైన పొరనుండి మెల్లగా తీపినీరు చేరును. ఇదియే అభివృద్ధిపఱచిన దొరువు. తుంపర సేద్యమును, బిందుసేద్యమును దీనికి జతపఱచినచో కొలది నీటితోనే తోట పెరుగును. ఐనను ఒక్కమాట గుర్తుంచుకొనవలెను: ఒకడు ఎంత శ్రద్ధతో అడ్డగొట్టములు వేసికొన్నను, ప్రక్కవాడు లోతుబోరు వేసి రాత్రింబవళ్లు లాగినచో ఇద్దఱి నీరును ఉప్పగును. యంత్రము తీర్చలేని ఈ చిక్కు ఇరుగుపొరుగుల ఒడంబడికతోనే తీరవలెను. ఆ ఒడంబడికకు ముందు ఉప్పు ఎంత ఎక్కినదో ఎవరైన కొలిచి చెప్పవలెను.

మెట్టసీమ నీటి పద్దు

కొలిచి చెప్పుట యెట్లో తీరమునకంటె ముందుగా పడమటి మెట్టసీమ నేర్చుకొన్నది. కనిగిరి, పొదిలి, మార్కాపురము ప్రాంతములందు చెఱువులు ఎండి, బావులు అడుగంటి, రైతు బోరును శరణుజొచ్చిన తరువాత, ఒకని బోరు మూడువందల అడుగులకు పోయినచో ప్రక్కవాడు నాలుగువందలకు పోవుట, ఆ నాలుగువందలును ఎండినచో ఇద్దఱును అప్పులలో పడుట నిత్యకృత్యమాయెను.

1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతో ఏపీవెల్ అను పథకము ఏడు జిల్లాలలో మొదలైనప్పుడు ఉద్దేశ్యము సామాన్యమైనదే: సన్నకారు రైతులు కొందఱు కలిసి ఒక్క బోరును ఉమ్మడిగా వాడుకొనవలెను. బోరులు వేయబడినవి, సంఘములు ఏర్పడినవి. కాని బోరును పంచుకొనుట నేర్చినవారికి, ఆ బోరు తోడు నీరే తఱిగిపోవుచున్నప్పుడు ఏమి చేయవలెనో తెలియలేదు. 2003లో దాని వెనుక వచ్చిన భూగర్భజల యాజమాన్య పథకము, ఏపీఫాంగ్స్ అని పేరుపడినది, ఈ ప్రశ్ననే మొదటిదిగా గైకొన్నది. ప్రకాశముతోపాటు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో ఆఱువందలకు పైగా పల్లెలలో, కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ సంస్థ ముందు నడువగా పెక్కు స్వచ్ఛంద సంస్థలు దీనిని నిర్వహించినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరువాతి సంవత్సరములలో తోడ్పడినది.

ఈ పథకపు విశేషమేమనగా, దీనిలో రైతునకు ఇచ్చినది డబ్బు కాదు, సబ్సిడీ కాదు. వానమాపకము, నీటిమట్టము చూచు టేపు, గడియారము, పుస్తకము. పదునైదు దినములకొకమాఱు ఊరిలోని స్త్రీపురుషులు నిర్ణీతమైన పరిశీలన బోరుకడకు పోవుదురు. టేపు చివరనున్న లోహపు ముక్కను గొట్టములోనికి మెల్లగా వదలుదురు. అది నీటిని తాకగానే పైన కీచుమని ధ్వని వినబడును. వెంటనే టేపును వ్రేళ్లతో ఒడిసిపట్టి, గొట్టపుటంచునకు సరియైన అంకెను చదువుదురు. ఒకరు చదువగా మఱియొకరు వ్రాసికొందురు. పారుచున్న బోరుక్రింద డ్రమ్మునుంచి, అది నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూచి, నిమిషమునకు ఎన్ని లీటర్లు వచ్చుచున్నదో లెక్కవేయుదురు. ఈ అంకెలు కార్యాలయములకు పోయి ఫైళ్లలో నిదురింపలేదు. ఊరినడుమ గోడమీద అందఱును చదువుకొనునట్లు వ్రాయబడినవి.

వర్షాకాలము ముగిసి రబీ పంటకు పూనుకొనుటకు ముందు ఊరంతయు చేరి నీటి పద్దు వేయుట ఈ కార్యక్రమమునకు ప్రాణము. పద్దు వేయు విధమును ఇట్లు ఊహించి చూడవచ్చును. 1 మిల్లీమీటరు వాన 1 ఎకరముపై పడినచో 4,000 లీటర్లకు కొంచెము పైగా నీరగును. ఏడాదిలో 700 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. గట్టిరాతి నేలలలో అందు నూటికి పదిపాళ్ల ప్రాంతమే క్రిందికి ఇంకును. అనగా 70 మిల్లీమీటర్లు. వరిపైరు 1,200 మిల్లీమీటర్ల వఱకు నీరు కోరును. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టినచో తేలునది: 1 ఎకరము వరి, 17 ఎకరములపై ఏడాది పొడవున ఇంకిన నీటిని త్రాగివేయును. 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొను ఆరుతడి పైరైనచో 7 ఎకరముల నీటితో పండును. పదునేడెకరముల నీరు తాను వాడుకొనుచున్నానని అంతవఱకు ఏ వరి రైతునకును తెలియదు. తెలిసిన మీదట, మిగిలిన పదునాఱెకరములవారు ఎదుట కూర్చుండగా, మరల వరియే వేయుట అంత సులభము కాదు.

ఇచ్చట ఎవరును ఎవరిని శాసింపలేదు. వరి వేయరాదని తీర్మానము లేదు, జుల్మానా లేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టము బోరులకు అనుమతిని విధించి యుండెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చి, ఆ చట్టముతో ప్రభుత్వము ఒక చేత పట్టిన పగ్గమును రెండవచేత వదలినట్లయ్యెను. శాసనము చేయలేని పనిని పద్దు కొంతవఱకు చేసినది. ప్రపంచబ్యాంకు 2010లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, పథకము నడచిన మూడేండ్లలో నూటికి 42 జలపరీవాహక ప్రాంతములు రబీ నీటివాడకమును ఎడతెగక తగ్గించుకొన్నవి. 51 ప్రాంతములు ఒక యేడు తగ్గించి ఒక యేడు విడచినవి. 7 ప్రాంతములలో మాత్రమే వాడకము పెరిగినది.

ఈ ఫలితమును సంశయించినవారును కలరు. 2012లో అంతర్జాతీయ జలయాజమాన్య సంస్థ (ఐడబ్ల్యూఎంఐ)–టాటా జలవిధాన కార్యక్రమపు పరిశోధకులు పల్లెలను మరల పరిశీలించి, చాటిన ఘనతకును, క్షేత్రమున కనబడిన మార్పునకును అంతరమున్నదని వ్రాసిరి. ఈ విమర్శను త్రోసివేయరాదు. పథకపు కాలము ముగిసి, కార్యకర్తలు వెడలిపోయిన పిమ్మట, టేపు పట్టుకొని బోరుకడకు పోవు ఓపిక ఎందఱకు మిగులును? ఐనను ఈ పద్ధతి వ్యర్థము కాలేదనుటకు ఒక నిదర్శనము కలదు: తరువాత కేంద్రప్రభుత్వము ఏడు రాష్ట్రములలో ప్రారంభించిన అటల్ భూజల్ యోజనకు గ్రామస్థాయి నీటి పద్దే పునాది. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. మన మెట్టరైతులు ఆరంభించిన విద్య పరరాష్ట్రములకు పోయి ప్రభుత్వపు పద్ధతి యాయెను. ఇంట మాత్రము గోడమీది అంకెలు వెలిసిపోవుచున్నవి.

తూముకడ కావలి

బోరు కొత్తది గాని నీరు పంచుకొనుట మనకు కొత్త కాదు. చెఱువు త్రవ్వించినవానికి, దాని మరమ్మతు భారము వహించినవానికి ఆయకట్టులో కొంత భూమినో, పంటలో కొంత పాలునో వదలు దశబంధ మాన్యములు నెల్లూరు, రాయలసీమలయందు విరివిగా నుండెను. తూము ఎత్తుటకు, దింపుటకు, కాలువ చివరి మడి వఱకు వంతు తప్పకుండ నీరు చేర్చుటకు నీరుగంటి యుండెను. అతని భృతి ఊరందఱి ధాన్యమునుండి వచ్చును గనుక అతడు ఊరందఱికి జవాబుదారి. ఏటేట పూడిక తీయుట, కట్టకు మన్నువేయుట, కలుజు సరిచేయుట కుడిమరామతు అను పేర రైతుల బాధ్యత. ఈ బాధ్యత సడలిపోవుచుండగా 1858లో మద్రాసు నిర్బంధపు శ్రమ చట్టము వచ్చినది. ఊరి యొడంబడిక చేయించిన పనిని చట్టము చేయింపలేకపోయినది.

ఈ విషయమున రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు మన సీమకు చేసిన ఉపకారము స్మరింపదగినది. 1970–80 దశకములలో కర్నూలు జిల్లా కాలువ గ్రామములను శోధించి, 1988లో ప్రకటించిన గ్రంథమున అతడు ఒక వింతను బయటపెట్టెను. కాలువ మొదట నీరు పుష్కలముగా నున్న ఊళ్లలో ఉమ్మడి వ్యవస్థ లేదు; చివరన నీటికి కటకటలాడు ఊళ్లలో మాత్రము, పంచాయతీరాజ్ చట్టముతో సంబంధము లేకుండ, రైతులే ఒక సభను ఏర్పఱచుకొని, నీరు కట్టువారిని, పొలము కావలివారిని జీతమిచ్చి పెట్టుకొని, కోతల తరువాత పొలములలో గొఱ్ఱెల మందలు మేపుకొను హక్కును వేలము వేసి, ఆ సొమ్ముతో ఊరినిధిని నడుపుకొనుచుండిరి. కావున ఉమ్మడికి మూలము పుణ్యబుద్ధి కాదు, కొఱత. కొఱతను అందఱును ఒక్కరీతిగా గుర్తించుట. స్పెయిను దేశపు వాలెన్సియా నగరమున వందల యేండ్లుగా ప్రతి గురువారము మధ్యాహ్నము చర్చి వాకిట కూర్చుండి, వ్రాతకోతలు లేకుండ, అందఱి యెదుట కాలువల తగవులు తీర్చు రైతుల న్యాయసభకును మూలమిదియే.

మన రాష్ట్రము 1997లో నీటిపారుదల వ్యవస్థల రైతుయాజమాన్య చట్టమును చేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపినది. తొలి యేండ్లలో కాలువల పూడికలు తీయబడుట, చివరిభూములకు నీరందుట అచ్చటచ్చట కనబడినది. తరువాత ఎన్నికలు సకాలమున జరుగక సంఘములు పేరునకే మిగిలి, 2024 డిసెంబరులో మరల ప్రాణము పోసికొన్నవి. సంఘము పనిని కాంట్రాక్టు బిల్లులతో కొలిచినంతకాలము అది కాంట్రాక్టరు సంఘమగును. తూము ఎన్ని గంటలు ఎత్తబడినది, చివరి మడికి ఎన్నడు నీరందినది అను లెక్కతో కొలిచిననాడు రైతు సంఘమగును.

వేలము పాట, పొదుపు పుస్తకము

తూకము, ధర బయటపడినంతనే రైతు స్థితి ఎట్లు మాఱునో తెలియుటకు కందుకూరు, టంగుటూరు, కొండపి పొగాకు వేలము కేంద్రములను చూడవలెను. 1976 జనవరి 1న పొగాకు బోర్డు ఏర్పడి, 1985లో ఆంధ్రదేశమున వేలములు మొదలగువఱకు, రైతు ఇంటికి వచ్చిన కొనుగోలుదారు చెప్పినదే తూకము, చెప్పినదే గ్రేడు, ఇచ్చినప్పుడే సొమ్ము. వేలము వచ్చిన తరువాత బేలు బేలునకు బరువు, గ్రేడు, పాట అందఱి యెదుట తేలుచున్నవి. కొనువారు కొలదిమందియే యగుటచే ధర పడిపోవుటయు, బేళ్లు నో బిడ్డుగా వెనుకకు వచ్చుటయు నేటికిని కలవు. కొలత న్యాయమునకు మొదటి మెట్టేగాని చివరి మెట్టు కాదని పొగాకు రైతునకు తెలిసినంత మఱియెవ్వరికి తెలియదు.

డబ్బు విషయమున ఈ పాఠమును మిక్కిలి చక్కగా నేర్చినవారు స్త్రీలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రోశమ్మ మొదలగు మహిళలు అక్షరాస్యతా తరగతులలో చదువుకొన్న మాటలనే ఆయుధముగా చేసికొని సారా అంగడిపై తిరుగబడిరి. ఆ జ్వాల రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. సారాకు పోవలసిన సొమ్ము ఇంట నిలిచినప్పుడు దానిని ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టి, దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి ఉద్యమమునకు దారితీసినది. అంతకు పూర్వము 1982 నుండి డ్వాక్రా సంఘములును, 1992 నుండి నాబార్డు వారి బ్యాంకు అనుసంధానమును ఉన్నను, ఆంధ్రదేశపు పొదుపు సంఘములకు ప్రజాబలము ఇచ్చట లభించినది.

సంఘపు సమావేశమును ఒకమాఱు కన్నులార చూచినవారికి దాని రహస్యము బోధపడును. ఊరి స్త్రీలు వలయముగా కూర్చుందురు. ఒక్కొక్కరు తమ పొదుపు సొమ్మును చాపమీద పెట్టుదురు. పుస్తకము వ్రాయు యువతి పేరు పేరున పొదుపు, అప్పు, వడ్డీ, బాకీ పైకి చదువును. ఎవరు ఎన్ని కంతులు తప్పిరో అందఱును విందురు. అప్పు కావలసినవారు తమ అవసరమును నోటితో చెప్పుకొందురు. బిడ్డ కాన్పు ముందా, గేదె కొనుట ముందా యన్నది ఆ వలయములోనే తేలును. క్రమముగా కూడుట, పొదుపు చేయుట, లోపల అప్పులిచ్చుకొనుట, తిరిగి చెల్లించుట, పుస్తకములు వ్రాయుట అను అయిదింటిని పంచసూత్రములందురు. నాలుగింటిని నిలబెట్టునది అయిదవది. పుస్తకము చదువుట మానిన సంఘము కొలదినెలలలోనే చీలిపోవుట ఎల్లరెఱిగిన సంగతి.

ఇందుకు విపర్యయమును 2010లో చూచితిమి. సూక్ష్మఋణ కంపెనీలు ఒక్కొక్క ఇల్లాలికి మూడు నాలుగు చోట్లనుండి అప్పులిచ్చి, వారము వారము వసూళ్లకు దిగినప్పుడు, ఆమె మొత్తము అప్పు ఎంతయో ఏ ఒక్క పుస్తకములోను లేకపోయెను. ఆ అక్టోబరులో ప్రభుత్వము అత్యవసర శాసనముతో అడ్డుపడవలసి వచ్చెను. ఎన్నికలవేళ వెలువడు ఋణమాఫీ వాగ్దానములును మఱియొక విధముగా ఇదే హాని చేయును: ఎవరు చెల్లించిరి, ఎవరు చెల్లింపలేదను లెక్కకు అర్థము లేకుండ పోయినచో, సక్రమముగా చెల్లించినవారే వెఱ్ఱివారగుదురు.

వల కన్ను

తీరమున మత్స్యకారుల నడుమ పంపకము బహిరంగముగా జరుగును. వేటనుండి తిరిగివచ్చిన పడవను ఒడ్డునకు లాగిన వెంటనే చేపలను గుట్టలుగా పోసి పాట పెట్టుదురు. వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా పడవకు, వలకు, మనిషికి పాళ్లు తీయుదురు. కులపెద్దలు విధించు దురాయి అను కట్టుబాటు, వేట సమయములను, తగవులను సైతము శాసించుచు వచ్చినది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు, చేపలు గ్రుడ్లుపెట్టు 61 దినములు వేటను ఆపుట నేడు ప్రభుత్వపు నిషేధము. మత్స్యసంపదను కాలముతో కొలుచు పద్ధతి ఇది.

కొలతపై సమ్మతి చెడినచో ఏమగునో 2020 డిసెంబరులో చీరాల చేరువ వాడరేవు, కఠారివారిపాలెము మత్స్యకారుల సంఘర్షణ తెలిపినది. చిన్నకన్ను గల ఐలవలలు చేపపిల్లలను సైతము ఊడ్చివేయుచున్నవను ఫిర్యాదు దానికి మూలము. వలకన్ను ఎంత వెడల్పుండవలెనను చిన్నలెక్క తేలనందున ఒకే కడలిపై బ్రదుకువారు కొట్టుకొనిరి. అధికారులు కూర్చుండబెట్టి మాటలాడించిరి గాని, కన్నులు కొలుచు చేతులు ఒడ్డున నున్నవారివే కావలెనుగదా.

రొయ్యల రైతులు ఈ పాఠమును కష్టముతో నేర్చిరి. 1994–95లో తెల్లమచ్చల తెగులు తీరమంతటిని తుడిచిపెట్టిన పిమ్మట, సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఆసియా పసిఫిక్ ఆక్వాసాగు కేంద్రముల సంఘముతో కలిసి పశ్చిమగోదావరి మొగల్తూరున రైతులను ఆక్వా క్లబ్బులుగా కూర్చినది. ఒకే కాలువ నీరు వాడువారు ఒకే కాలమున సీడు వేయుట, సీడును ముందుగా ప్రయోగశాలలో పరీక్షింపించి ఉమ్మడిగా కొనుట, తెగులు సోకిన చెఱువు నీటిని ఇరుగుపొరుగులకు తెలుపక వదలకుండుట వారి నియమములు. 2007లో కాకినాడ కేంద్రముగా ఏర్పడిన నాక్సా సంస్థ ఈ పద్ధతిని ఇతర తీరములకు వ్యాపింపజేసినది. తెగులును దాచుకొన్నవాడు తానొక్కడే చెడడు. చెప్పుకొన్నవాడు పదిమందిని కాపాడి తానును బ్రదుకును.

సింగరాయకొండ చేయదగినది

కొలత అన్ని రోగములకు మందు కాదు. భూమిలేని కూలివానికి నీటి పద్దులో పేరు లేదు. వరి మాని ఆరుతడికి పోయినచో నాట్లకు పోవు స్త్రీలకు ఎన్ని పనిదినములు తఱుగునో ఏ పద్దును చెప్పలేదు. ఊరిలో పలుకుబడి గలవాడు తన బోరును పరిశీలన జాబితానుండి తప్పించుకొనుటయు అసంభవము కాదు. ఊరి వెలుపలినుండి వచ్చి నీటినో నేలనో పెద్దయెత్తున కోరు పరిశ్రమను ఊరిగోడమీది అంకె ఆపలేదు. కాని ఆ అంకె లేని ఊరు ఏ కోర్టునెదుట గాని, ఏ కలెక్టరునెదుట గాని తనకేమి నష్టము వాటిల్లినదో నిరూపించుకొనలేదు. కూలివారిని, స్త్రీలను పద్దు వేయు సభలో కూర్చుండబెట్టుటయే ఈ లోపమునకు తొలి చికిత్స. వారి పనిదినములను గూడ ఒక పంక్తిగా చేర్చినచో పద్దు మఱింత సత్యమగును.

ఇట్టి పని మొదలిడుటకు సింగరాయకొండ వంటి ఊరికి గొప్ప నిధులు అక్కఱలేదు. నీటిలోని ఉప్పును విద్యుద్వాహకతతో చూపు చేతిమీటరు కొలదివేల రూపాయలకు దొరకును. తీరపు పల్లెలలో నిర్ణీతమైన కొన్ని దొరువులను, బావులను ఎన్నుకొని, నెలకొకమాఱు ఉన్నత పాఠశాల విద్యార్థులు సైన్సు ఉపాధ్యాయుని వెంట పోయి కొలిచి, పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయవచ్చును. వానమాపకమును బడి ఆవరణలోనే నిలుపవచ్చును. కార్తికమాసమున రబీకి ముందు గ్రామసభలో రైతులు, తోటల యజమానులు, రొయ్యల చెఱువులవారు, మహిళా సమాఖ్య ప్రతినిధులు, కూలిజనము కూర్చుండి ఆ అంకెలను చదువుకొనవచ్చును. పుస్తకము వ్రాయుట, పైకి చదువుట ఎట్లో మహిళాసంఘములవారికి ముప్పది యేండ్లుగా కరతలామలకము. వారే ఈ పద్దుకును లేఖకులైనచో మఱియొకరికి శిక్షణ నీయ నక్కఱలేదు.

జిల్లాల సరిహద్దులు మాఱుచుండును. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు తాలూకా నెల్లూరునుండి ఇటు వచ్చినది. 2022లో కందుకూరు మరల అటు పోయినది. పథకములకును ఆయుర్దాయము ఇంతే. నిధులు ముగియగానే బోర్డులు మాయమగును. ప్రభుత్వము చేయదగిన గొప్ప సహాయము కొత్త పథకమును ప్రకటించుట కాదు. పంచాయతీ తన నీటిలెక్కను తానే ప్రతియేడు ప్రకటించవలెనను విధిని పెట్టి, ఆ లెక్కను చూడనిదే కొత్తబోరునకు గాని, కొత్త రొయ్యలచెఱువునకు గాని, నీరు కోరు పరిశ్రమకు గాని అనుమతి నీయకుండుట. అట్లయినచో పల్లెలో అంకెలు వ్రాయు చేతికి బలము చేకూరును, వ్రాసినదానికి విలువ కలుగును; ఏడాదికొకమాఱు కూర్చుండి చదువుకొన్న లెక్కయే ఊరివారికి తమ ఉమ్మడి ఆస్తిపై హక్కుపత్రమగును.